హగరి పెద్దాయన అభ్యంతరం

మొన్న ఆదివారం మా చర్చిలో ఒక పెళ్ళి ప్రకటన చదివారు. ఫలానా ఊరి అబ్బాయికి, ఫలానా వారి అమ్మాయికి వివాహం నిశ్చయమైంది, ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయవలెను, అని. ఇప్పటి పాస్టరు అయ్యగారు కుర్రవాడు. ఆ 'అభ్యంతరం' దగ్గర ఆగను కూడా ఆగలేదు. కండక్టరు స్టాపు పేరు అరిచినట్టు అనేసి పాట నంబరు అందుకున్నాడు. ఒక్కరూ తల ఎత్తలేదు. నేను మాత్రం మెడ తిప్పి మగవాళ్ళ వైపు మూడో బెంచీ చూశాను. అక్కడెవరో కుర్రాడు ఆవలిస్తున్నాడు. పక్కనున్న మా మేనకోడలు ఎవరి కోసం చూస్తున్నావత్తా అని అడిగింది. ఎవరూ లేరులే అన్నాను. నాకు మామగారు కావలసి, కాకుండా పోయిన మనిషి కోసం చూశానని ఆ పిల్లకెట్లా చెప్పను?

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పేరు రాయను. వాళ్ళ వాళ్ళు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు, ఎందుకొచ్చిన తంటా. చర్చిలో అందరమూ హగరి పెద్దాయన అనేవాళ్ళం. హగరి స్టేషను దాటితే వచ్చే రేగడి చేలలో కొంత ఆయనది. పత్తి, జొన్న వేసేవాడు. తాత కాలంలోనే దేవుణ్ణి నమ్ముకున్న రైతు కుటుంబం. భార్య పోయింది, ఒక్కడే కొడుకు. ఆదివారం పొద్దున పాసింజరు బండిలో బళ్ళారి వచ్చి, స్టేషన్నుంచి చర్చి దాకా నడిచేవాడు. జట్కా ఎక్కేవాడు కాదు. జట్కావాడు గుర్రానికి సరిగ్గా మేత పెట్టడని ఆయన అనుమానం.

ఆయన అనుమానానికి అందని వస్తువు లేదు. మెట్ల దగ్గర అందరి చెప్పులూ గుట్టగా పడి ఉంటే, ఆయనవి మాత్రం గుడ్డసంచిలో చుట్టి బెంచీ కింద పెట్టుకునేవాడు. ప్రసంగం చెప్పేది కొత్త మనిషైతే, చదివిన వాక్యం నిజంగా అక్కడ ఉందో లేదో వేలు పెట్టి చూసుకునేవాడు. పత్తి విత్తనం కొంటే గుప్పెడు తీసి తడిగుడ్డలో కట్టి, మొలక వచ్చేదాకా బస్తా ముట్టేవాడు కాదట. మనుషుల్నీ తడిగుడ్డలో కట్టి చూస్తే గానీ నమ్మడని మా అమ్మ అనేది. ఆ మాటకొస్తే మా అమ్మ కూడా ఎవర్నీ నమ్మేది కాదు. నేను ఆమె కడుపునే పుట్టాను.

అట్లాగని మూతి ముడుచుకొని కూర్చునే రకం కాదు. మాట మాత్రం చురుక్కుమనేది. మా జిల్లా మైసూరు రాష్ట్రంలో కలిసిన కొత్తల్లో చర్చిలో ఒక గొడవ లేచింది. అంతవరకు తెలుగు ఆరాధన ముందు, కన్నడ ఆరాధన తర్వాత. ఇక కన్నడం ముందు ఉండాలని వాళ్ళూ, కుదరదని మన వాళ్ళూ కమిటీలో బల్లలు గుద్దుకున్నారు. పెద్దాయన అంతా విని, "దేవునికి రెండు భాషలూ వస్తాయప్పా. మీకే ఒకటీ సరిగ్గా రాదు" అన్నాడట. ఆ మాట బళ్ళారి అంతా తిరిగింది. రెండు పక్షాలకూ ఆయన మీద కోపమే మిగిలింది.

ఆయన సంఘ పెద్ద. పెళ్ళి ప్రకటనల రోజు ఆయన్ను చూడాలి. అప్పటి అయ్యగారు నిదానస్తుడు. అభ్యంతరం అనే మాట పలికి, ఆగి, మూడో బెంచీ వైపు చూసేవారు. పెద్దాయన ఒడిలో పెట్టుకున్న తలపాగాను ఈ మోకాలి మీద నుంచి ఆ మోకాలి మీదికి మార్చి, గొంతు సవరించుకునేవాడు. అంతే. ఏమీ అనేవాడు కాదు. ఆ గొంతు సవరింపు అయ్యేలోపల రెండు కుటుంబాల వాళ్ళకూ చెమటలు పట్టేవి. ప్రకటన మూడు ఆదివారాలు చదవాలి కదా, మూడు ఆదివారాలూ ఇదే తంతు.

నిజంగా లేచి నిలబడిన సందర్భాలు తక్కువే. ఒకసారి చోరనూరు పెళ్ళికొడుకు విషయంలో లేచాడు. ఆ పిల్లవాడు పొలం గట్టు దగ్గర అన్నను కొట్టి, మాటలు లేకుండా ఉన్నాడు. అన్నతో సమాధానపడకుండా దేవుని ముందు నిలబడి ప్రమాణం ఎట్లా చేస్తాడు, అని పెద్దాయన అడ్డు. పెళ్ళికొడుకు చోరనూరు వెళ్ళి అన్న కాళ్ళు పట్టుకొని, అన్నను వెంటబెట్టుకొని వచ్చాకే పెళ్ళి జరిగింది. మంచే కదా అనుకుంటారు. సంఘం అట్లా అనుకోలేదు. ఈయన చేను మీద కన్నేసి ఆ అన్న దగ్గర ఏదో పుచ్చుకున్నాడని కొందరు, తన కొడుక్కు ఆ పిల్లను చేసుకోవాలని చూశాడని కొందరు గుసగుసలాడారు. ఎవరూ ఆయన ముందు అనలేదు.

ప్రకటనకు ముందు శనివారాల్లో ఆయన ఇళ్ళకు వచ్చేవాడు. అందరి ఇళ్ళకూ కాదు. ఎవరి మీద అనుమానం ఉంటే వాళ్ళ ఇంటికి. అప్పుడు ఇంటావిడ కాఫీ ఇస్తుంది. ఆయన కాఫీ తాగితే ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది. గ్లాసు అట్లాగే కింద పెట్టి, పని మీద వచ్చినానమ్మా అన్నాడంటే ఆ ఇంట్లో ఇంక ఎవరికీ అన్నం దిగదు. ఈ కాఫీ సంగతి మా అందరికీ తెలుసు. పిల్లలు ఆటల్లో కూడా ఆయన్ను అనుకరించేవాళ్ళు.

ఇప్పుడు నా సంగతి. నేను ఆడపిల్లల బడిలో తెలుగు క్లాసులకు టీచరుగా చేరిన రెండో ఏడు. నాన్న లేడు. అమ్మ ఆసుపత్రిలో ఆయా. మా తాతలది ఊరవతలి వాడ. దేవుని బల్ల దగ్గర అందరమూ ఒకటే అని పాడేవాళ్ళం గానీ, పెళ్ళిళ్ళ దగ్గర ఎవరి వాడ వారికి బాగా గుర్తుండేది. అట్లాంటిది, అయ్యగారే స్వయంగా మా ఇంటికి వచ్చి, హగరి పెద్దాయన కొడుక్కు నన్ను అడిగారు. ఆ అబ్బాయి సండూరు వైపు గనుల్లో లారీలకు సూపర్వైజరు. ఎత్తైన మనిషి. గొంతు విప్పి పాడితే చర్చి కిటికీలు మోగేవి. నాకు నచ్చాడు. ఇప్పుడు ముసలిదాన్ని, చెప్పడానికి సిగ్గెందుకు, చాలా నచ్చాడు.

అమ్మ మాత్రం రెండు రోజులు గుమ్మం దగ్గర కూర్చొని ఆలోచించింది. "ఏందో ఉండాది. ఊరికే మన గడప తొక్కరు వాళ్ళు" అంది. నేను విసుక్కున్నాను. చదువుకున్న పిల్ల, ఉద్యోగం ఉంది, అందుకే అడిగారు, ఈ కాలంలో ఇంకా వాడలేమిటి అని వాదించాను. మాట్లాడ్డానికి పెద్దమనుషులు వచ్చారు. పెద్దాయనా వచ్చాడు. అమ్మ కొత్త గ్లాసులు తెప్పించి, తన చేత్తో కాఫీ కలిపి అందరికీ ఇచ్చింది. అయ్యగారు తాగారు. అబ్బాయి తాగి, బాగుందన్నాడు. పెద్దాయన గ్లాసు తీసుకొని పక్కన పెట్టాడు. తేదీలు మాట్లాడుకున్నంతసేపూ అది అట్లాగే ఉంది. పైన మీగడ కట్టింది. వాళ్ళు వెళ్ళాక అమ్మ ఆ గ్లాసు తీసుకుపోయి పెరట్లో పారబోసి, చూసినావా అని మాత్రం అంది.

చూశాను. మా చేతి కాఫీ ఆయన గొంతు దిగలేదని నాకు అర్థమైంది. పని మీద వస్తే తాగడన్నది నాకూ తెలుసు గానీ, ఆ రోజు ఆయన మా ఇంటికి ఏ పని మీద వచ్చాడు? సంబంధం కలుపుకోవడానికి వచ్చాడు. కలుపుకొనే చోట తాగకపోవడానికి ఇంక వేరే కారణం ఏముంటుంది? ఆ రాత్రంతా ఏడ్చి, తెల్లారేసరికి ఆయన్ను ద్వేషించడం మొదలుపెట్టాను.

మొదటి ఆదివారం ప్రకటన చదివినప్పుడు నేను తల దించుకొని కూర్చున్నాను. వెనక గొంతు సవరింపు వినిపించింది. నా వీపు మీద ఎవరో చెయ్యి పెట్టినట్టు ఉలిక్కిపడ్డాను. రెండో ఆదివారం కూడా సవరించాడు. ఆ రోజు ఇంకొకటి కనిపెట్టాను. అయ్యగారు మూడో బెంచీ వైపు చూడలేదు. ఎప్పుడూ చూసే మనిషి, పుస్తకంలోనే ముఖం పెట్టుకొని చదివేసి కూర్చున్నారు. ఆరాధన అయ్యాక అబ్బాయి గేటు దగ్గర నిలబడి నాతో మాట్లాడాడు. వాళ్ళ నాయనకు మా వాడంటే చిన్నచూపనీ, అందుకే గునుస్తున్నాడనీ, పట్టించుకోవద్దనీ, పెళ్ళయ్యాక మనం సండూరులో ఉంటాం కదా అనీ అన్నాడు. నేను ఒక్క క్షణం కూడా సందేహించలేదు. నేను అప్పటికే నమ్మేసినదాన్ని నాకు చెప్పాడు. ఎవర్నీ నమ్మని నా అనుమానం ఆ రోజు మాత్రం తప్పు మనిషి మీద పెట్టుకొని కూర్చుంది.

మూడో ఆదివారం చర్చి నిండిపోయింది. కన్నడ ఆరాధన వాళ్ళు కూడా ముందే వచ్చి కిటికీల దగ్గర నిలబడ్డారు. కొడుకు పెళ్ళికి పెద్దాయన ఏం చేస్తాడో చూద్దామని. ఇన్నాళ్ళూ ఊరి పిల్లలందరికీ అడ్డం నిలబడ్డాడు, ఇప్పుడు నోరు మూసుకొని కూర్చుంటాడు చూడండి అని మెట్ల దగ్గర అనుకుంటున్నారు. అయ్యగారు ప్రకటన చదివారు. ఆ మాట మింగేసినట్టుగా పలికి, పాట పుస్తకం చేతిలోకి తీసుకున్నారు.

"నాకు ఉండాదయ్యా" అన్నాడు పెద్దాయన. లేచి నిలబడ్డాడు.

ఆరాధన తర్వాత మాట్లాడుకుందాం అని అయ్యగారు. పెద్దాయన కదల్లేదు. తలపాగా చేతిలో ఉంది. ఇదిగో బయటపడింది, వాడ మాట ఇప్పుడు అందరి ముందూ అనబోతున్నాడు అని నేను పళ్ళు బిగబట్టాను.

"ఏందో మీకు తెలుసు. వానికి తెలుసు. తెల్వంది ఆ పాపకొక్కదానికే. వాడు లేసి చెప్పల్ల. చెప్పేదాకా నేను కూసోను."

నేను మగవాళ్ళ వైపు చూశాను. అబ్బాయి నేల వైపు చూస్తున్నాడు. అమ్మ నా కొంగు పట్టుకొని లాగింది. నేను లేచాను. చర్చిలో ఆడపిల్ల ఆరాధన మధ్య లేచి నిలబడి మాట్లాడడం అంతకు ముందు ఎవరూ చూడలేదు. ఏముంది, చెప్పు, అని అడిగాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"అదంతా ఎప్పుడో అయిపోయిండే మాట" అన్నాడు అబ్బాయి, తల ఎత్తకుండానే. "ఆమె మన సంఘం గూడా కాదు."

'ఆమె' అన్నాడు. నాకు ఆ ఒక్క మాట చాలింది. బయటికి నడిచాను. నా వెనక అమ్మ వస్తోంది. మా వెనక అయ్యగారు పాట ఎత్తుకున్నారు, సంఘం అందుకుంది. మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి చూస్తే అందరూ కూర్చొని పాడుతున్నారు, పెద్దాయన ఒక్కడే నిలబడి ఉన్నాడు.

తర్వాత మెల్లమెల్లగా అంతా తెలిసింది. సండూరు తాలూకా బండ్రిలో ఒకామె ఉంది. గనుల్లో చేరిన కొత్తలోనే ఆ ఊరి అమ్మవారి గుడిలో ఆమెకు తాళి కట్టాడు. బడికి వెళ్ళే కొడుకు కూడా ఉన్నాడు. ఏడాది కిందట వాళ్ళను వదిలేసి మకాం సండూరుకు మార్చాడు. ఇదంతా అయ్యగారికి తెలుసు. చర్చిలో కాలేదు గనక అది పెళ్ళే కాదనీ, ఒక మంచి క్రైస్తవ పిల్లను కట్టబెడితే వాడు కుదురుకుంటాడనీ ఆయన లెక్క. అడిగే మగదిక్కు లేని ఇల్లు గనక మా ఇల్లు ఎంచుకున్నారు. అమ్మ అన్నది నిజమే, ఊరికే ఎవరూ గడప తొక్కరు.

కమిటీ కూర్చుంది. ఎవరి మీద చర్య తీసుకున్నారనుకున్నారు? పెద్దాయన మీద. ఆరాధనకు భంగం కలిగించి, సంఘం పరువు బజారుకీడ్చాడని పెద్దరికం తీసేశారు. రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకొనే ప్రభు బల్లలో కూడా చెయ్యి వేయకూడదన్నారు. కొడుక్కు ఏ శిక్షా లేదు. పెళ్ళే కానివాడికి తప్పెక్కడిది? అతను ఇంకెప్పుడూ మా చర్చికి రాలేదు. ఏడాది తిరిగేలోగా గుంతకల్లు అవతల, తనను ఎరగని సంఘంలో ప్రకటన చదివించుకొని పెళ్ళి చేసుకున్నాడని విన్నాను. మా అయ్యగారు బదిలీ అయి పోయారు. వెళ్ళేటప్పుడు పూలదండ వేశారు.

కొత్త అయ్యగారు వచ్చాక శిక్ష ఎత్తేశారు, పెద్దాయన్ను మళ్ళీ బల్లకు రమ్మన్నారు. ఆయన రాలేదు. ఆదివారం ఆదివారం హగరి నుంచి వస్తాడు, చెప్పులు సంచిలో చుట్టుకుంటాడు, రొట్టె పళ్ళెం తన దగ్గరికి వస్తే పక్కవాడికి అందించేస్తాడు. పోయేదాకా అట్లాగే. పౌరుషం, పొగరు, ఎంత పెద్దవాడైనా దేవుని మీద అలుగుతాడా అని సంఘం అంది. చోరనూరు పిల్లవాడికి పెట్టిన షరతే తనకూ పెట్టుకున్నాడేమో, ఆ సంగతి వాళ్ళకు తెలియదు. నాకు కొంత తెలుసు.

కమిటీ అయిన కొద్ది వారాలకు నేను హగరి వెళ్ళాను. కృతజ్ఞత చెప్పుకోవడానికి అనుకునేరు, కాదు. కోపంతో వెళ్ళాను. పత్తి తీసే కాలం. కూలి ఆడవాళ్ళు వరసగా చేలో వంగి ఉన్నారు, పెద్దాయన గట్టు మీద కూర్చొని మరకబడిన దూది వేరు చేస్తున్నాడు. నన్ను చూసి లేచి, కంబళి పరిచి, ఇంట్లోంచి మజ్జిగ తెప్పించాడు. నేను ముట్టుకోలేదు. పని మీద వచ్చాను అన్నాను. ఆయనకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు.

ఆ రోజు మా ఇంట్లో కాఫీ తాగనిది అందుకేనని అప్పుడు చెప్పాడు. ఒక ఇంటికి అన్యాయం జరుగుతోందని తెలిసి, ఆ ఇంటి కాఫీ ఎట్లా తాగుతాను అన్నాడు. మొదటి ప్రకటన ముందు శనివారం కొడుకును ఒంటరిగా కూర్చోబెట్టి, ఆ పాపకు నువ్వే చెప్పుకో అన్నాడట. చెప్తానన్నాడు, చెప్పలేదు. రెండో శనివారం సాక్షిగా అయ్యగార్ని వెంటబెట్టుకొని వెళ్ళాడట. అయ్యగారు సాక్షి కావడానికి బదులు కొడుకు పక్షం చేరిపోయారు. మూడోసారి సంఘంలో లేచాడు. తప్పు చేసినవాడికి మొదట ఒంటరిగా చెప్పాలి, వినకపోతే ఒకరిద్దరిని తీసుకుపోవాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. వాక్యంలో ఉన్న క్రమమే, నాకూ తెలుసు. ఇన్నేళ్ళూ ఆ మూడు ఆదివారాలను ఆయన ఆ మూడు మెట్లుగా వాడుకున్నాడని మాత్రం నాకు తట్టలేదు. ఆ గొంతు సవరింపు బెదిరింపు కాదట. లేచి చెప్పు, ఇంకా సమయం ఉంది, అని గుర్తు చేయడమట.

అంతా విన్నాను. కోపం తగ్గలేదు సరికదా పెరిగింది.

"మూడు తూర్లూ వాని దగ్గరికే పోతిరి" అన్నాను. "నా దగ్గరికి ఒగసారన్నా రాకపోతిరే. వచ్చి చెప్పింటే ఇంట్లోనే వద్దనుకుంటాంటి. ఇంతమంది ముందర నా బతుకు నిలబెడితిరి."

పెద్దాయన చేతిలోని దూదిని నలిపాడు. ఏదో ఒక వాక్యం చెప్పి తప్పించుకుంటాడని నేను చూస్తున్నాను. "అది నాకు తోచలేదు తల్లీ" అన్నాడు.

అంతే. నేను ఊరుకోలేదు. తప్పు చేసినవాడు చెడిపోకూడదని మూడుసార్లు తిరిగారు, తప్పు జరిగినవాళ్ళ గడప ఒక్కసారి కూడా తొక్కరా, పోనీ నన్ను వదిలేయండి, ఆ బండ్రి ఆమె దగ్గరికైనా వెళ్ళారా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. నేను లేచి స్టేషను దారి పట్టాను. వెనక నుంచి పిలిచి, వచ్చే బేస్తవారం బండ్రికి పోదాం, నువ్వూ రా అన్నాడు. నాకు బండ్రితో ఏం పని? అయినా సరే అన్నాను. నేను లేకపోతే వెళ్ళడని నా అనుమానం. వెళ్ళి వచ్చానని నాతో అబద్ధం చెప్పినా చెప్తాడు.

ఆ గురువారం బడికి సెలవు పెట్టి సండూరు మీదుగా బస్సులో వెళ్ళాం. ఎర్ర దుమ్ము మొహాన కొడుతోంది. బండ్రిలో లారీలు ఆగే చోట చిన్న అంగడి. ముందు రెండు బెంచీలు, పొయ్యి మీద నూనె బాణలి. మిరపకాయ బజ్జీలు, బొరుగులు అమ్ముతోంది ఆమె. నా కన్నా నాలుగైదేళ్ళు పెద్దది కావచ్చు. మెడలో తాళి ఉంది. పెద్దాయన మొహం చూడగానే ఆమెకు ఎవరో తెలిసిపోయింది, ముక్కూ కళ్ళూ కొడుకువే కదా. బెంచీ మీద పలక పెట్టుకొని రాసుకుంటున్న పిల్లవాణ్ణి రెక్క పట్టుకొని లోపలికి తోసి తలుపు వేసింది. ఆ తలుపుకు అడ్డంగా నిలబడింది.

"వాడు పంపిచ్చినాడా? పిల్లోన్ని ఇయ్యను నేను" అంది.

పిల్లవాడి కోసం రాలేదని పెద్దాయన చెప్పాడు. ఆమె నమ్మలేదు. నేను ఆమె స్థానంలో ఉంటే నేనూ నమ్మేదాన్ని కాదు. పెద్దాయన బెంచీ మీద కూర్చొని, నిదానంగా, కొడుకు ఏం చేయబోయాడో, చర్చిలో ఏం జరిగిందో చెప్పాడు. నన్ను చూపించి ఆ పిల్ల ఈమే అన్నాడు. ఆమె నన్ను పై నుంచి కింది దాకా చూసింది. నేను చూపు తిప్పుకోలేదు. తన కొడుకు చేసింది తప్పనీ, ఆ మాట కొడుకుతోనూ సంఘంతోనూ చెప్పాననీ, ఇప్పుడు ఆమెతో కూడా చెప్పడానికి వచ్చాననీ పెద్దాయన ముగించాడు. చెప్పినంతసేపూ ఆమె బాణలిలో బజ్జీలు తిప్పుతూనే ఉంది. అవి తీసి పళ్ళెంలో వేశాక అడిగింది.

"మేము ఈడ ఉండేది మీకు ఎప్పట్నించి తెలుసు?"

ఇక్కడ అబద్ధం చెప్తాడు అనుకున్నాను. ఈ మధ్యనే తెలిసిందంటాడు, సంబంధం మాట్లాడేటప్పుడు తెలిసిందంటాడు. నేను కూడా అట్లాగే అనుకుంటూ ఉన్నాను మరి. నేను ఆయన మొహం వైపే చూస్తున్నాను.

"మొదట్నించీ తెలుసు" అన్నాడు పెద్దాయన. తాళి కట్టిన వారానికే హగరికి కబురొచ్చిందట. మనవడు పుట్టినప్పుడూ తెలిసిందట. వయసు పొగరు, నాలుగు రోజులకు దిగుతుంది, లేదంటే వాడే తీసుకొస్తాడు అనుకొని ఊరుకున్నాడట. ఊళ్ళో ఎవరింటి సంగతైనా తడిగుడ్డలో కట్టి చూసే మనిషి, ఇది మాత్రం విప్పి చూడలేదు. నాకు ఒళ్ళు మండింది. ఇదంతా హగరి గట్టు మీద నాకెందుకు చెప్పలేదు అని అడగబోయాను. ఆమె అప్పటికే జల్లెడ గరిటె పక్కన పెట్టింది.

"వాని తప్పు వానికి చెప్పినారు. గుడిలో చెప్పినారు. ఇంత దూరం వచ్చి నాకూ చెప్తాండారు" అంది. గొంతు పెంచలేదు. "మీది ఎవరు చెప్తారు?"

రోడ్డు మీద లారీ ఒకటి పోయింది. దుమ్ము అణిగాక పెద్దాయన బెంచీ మీద నుంచి లేచాడు. వెళ్ళిపోతున్నాడనుకున్నాను. లేచి, తలపాగా తీసి బెంచీ మీద పెట్టి, ఆమె పొయ్యి ముందు నేల మీద కూర్చున్నాడు.

"చెప్పే హక్కు నీకే ఉండాది తల్లీ. చెప్పు. వింటా."

ఆమె నా వైపు చూసింది. ఈమె ఉండల్లనా అని అడిగింది. పెద్దాయన కూడా నా వైపు చూశాడు. ఉండమనలేదు, పొమ్మనలేదు. ఉండాలనే ఉంది నాకు. ఆయనకు ఎవరైనా గట్టిగా గడ్డి పెడుతుంటే వినాలని ఎన్ని రోజులుగానో ఉంది. అయినా అది నాకు చెందిన మాట కాదు. మొదటిసారి ఒంటరిగా చెప్పాలి.

లేచి రోడ్డు దాటి బస్సు ఆగే చోట నిలబడ్డాను. అక్కడికి మాటలు వినబడవు. ఆమె నిలబడి మాట్లాడుతోంది, ఆయన బోడితల వంచుకొని నేల మీద కూర్చొని ఉన్నాడు. ఒకసారి ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. తలుపు సందులోంచి పిల్లవాడు తొంగి చూస్తే లోపలికి పొమ్మని చెయ్యి ఊపి, మళ్ళీ ఆయన వైపు తిరిగింది. అంగడికి వచ్చిన క్లీనరును కూడా పంపేసింది.

సండూరు బస్సు వచ్చింది. ఇంకొకరున్నారు, కాస్త ఆపమని కండక్టరుకు చెప్పబోయి మానుకున్నాను, బస్సును పోనిచ్చాను. ఆమె చెప్పడం ఇంకా అయిపోలేదు.